మోగిన ప్లేటు

ఆరో ఇనప ప్లేటు గుండు తగిలి మోగింది గాని పడలేదు. కాస్త వెనక్కి వాలింది, పడదామా వద్దా అని ఆలోచించినట్టు ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ ముందుకొచ్చి నిటారుగా నిలబడింది. డెస్ చేతిలో రివాల్వర్ ఖాళీ అయిపోయింది.

"ఐదు," అన్నాడు గేలన్ ప్రూయిట్, చేతిలో గడియారం నొక్కి.

"ఆరోది కూడా తగిలిందిగా," అంది లవోన్ లెక్క రాసే బల్ల దగ్గర్నుంచి. "నాకిక్కడికి వినపడింది."

"మోగితే లెక్కేయడానికి ఇదేమన్నా చర్చి గంటా? పడాలి. పడని ప్లేటు తగలని ప్లేటు కిందే లెక్క. రాయి, ఐదు."

లవోన్ రాసింది. కంచె వెనక నిలబడ్డ వెర్లిన్ టాకెట్ చప్పుడు ఆపడానికి చెవుల మీద పెట్టుకున్న మఫ్‌లు తీసి మెడలో వేసుకున్నాడు. అతని కళ్ళు ప్లేట్ల మీద లేవు, భార్య చేతి మీద ఉన్నాయి. డెస్ రివాల్వర్‌ని ఎడమచేత్తో పెట్టెలో పెట్టింది. కుడిచేతిని కోటు జేబులోకి తోసింది, అక్కడేదో వెతుక్కుంటున్నట్టు.

ఈ ప్లేట్లు వేసవిలో కొత్తగా వచ్చినవి. పాతవాటికి గుంటలు పడ్డాయని క్లబ్బు పెద్దగా గేలనే తీయించి, వాటి కంటే మందమైనవి పెట్టించాడు. గుంటలు పడ్డమాట నిజమే. పెద్ద పిస్టళ్ళవాళ్ళకి కొత్తవైనా పాతవైనా ఒకటే, తగిలితే చాలు చాప చుట్టినట్టు పడిపోతాయి. తేడా వచ్చిందల్లా మందుగుండు తక్కువ వేసిన మెత్తటి తూటాలు కాల్చేవాళ్ళకి. ఇద్దరు ముసలివాళ్ళు రావడం మానేశారు. ఆడవాళ్ళలో డెస్ ఒక్కతే మిగిలింది.

ఇద్దరూ పికప్ ఎక్కి ఇంటిదారి పట్టారు. కొండ మలుపులో కోళ్ళ ఫ్యాక్టరీ వాసన అద్దాల్లోంచి లోపలికొచ్చింది. డెస్ అద్దం పైకెత్తింది, అదీ ఎడమచేత్తోనే, ఒళ్ళంతా తిప్పి.

"తప్పు నాది," అన్నాడు వెర్లిన్. "తూటాల్లో మందు నేనే తక్కువ పోశాను."

"మందు సరిగ్గానే ఉంది. ఆరోది నేను కిందికి కొట్టాను. పైన తగిలుంటే పడేది."

"ఎక్కడ తగిలినా పడాలి."

"ఇవాళ నా చెయ్యి ఏడవలేదు, వెర్లిన్. కాస్త చలికి బిగిసింది, అంతే. నాకది చాలు."

వెర్లిన్ వినలేదు. అతని చెవుల్లో ఇంకా గేలన్ గొంతే ఉంది. ఇదే గేలన్ ఆ కోళ్ళ ఫ్యాక్టరీలో డెస్ పనిచేసిన లైనుకి సూపర్‌వైజరు. ఎముకల్నుంచి మాంసం కోసీ కోసీ ఆమె మణికట్టు బిగుసుకుపోయినప్పుడు, అది లైను మీద పాడైన చెయ్యి కాదు, శనివారాలు సరదాకి పిస్టల్ కాల్చుకుని పాడుచేసుకున్న చెయ్యి అని కంపెనీ కాగితం మీద సంతకం పెట్టింది కూడా ఇతనే. ఆ సంతకంతో ఆమెని పరిహారం ఇవ్వకుండా ఒట్టి చేతులతో ఇంటికి పంపారు. ఇప్పుడు వేలు కూడా కదపకుండా ఇంకో అబద్ధం రాయించాడు. ఆరు తగిలితే ఐదట.

"వచ్చే శనివారం ఆఖరి పోటీ," అన్నాడు వెర్లిన్. "ఆరూ పడతాయి. వాడి కాళ్ళ దగ్గర పడతాయి."

డెస్ కిటికీలోంచి బయటికి చూసింది.

*

మర్నాడు వెర్లిన్ చర్చికి వెళ్ళలేదు. పాత ఇనప సామాన్ల కొట్టు యజమానిని ఇంట్లోంచి లేపి, గేలన్ ప్లేట్లంత మందం ఉన్న రేకు ఒకటి వెతికి తెచ్చాడు. ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసిన చేతులు అతనివి. మధ్యాహ్నానికి రేకుని గుండ్రంగా కోసి, అంచులు అరగదీసి, కింద కీలు పెట్టి, ఇంటి వెనక మట్టికట్ట ముందు నిలబెట్టాడు. వేలితో తోసి చూశాడు. క్లబ్బు ప్లేటు కన్నా ఒక పిసరు మొండిగా ఉంది. ఉండనీ అనుకున్నాడు.

తూటాలు చేసే బల్ల గ్యారేజీలో, కిటికీ కింద. వెర్లిన్ తన కుర్చీలో కూర్చున్నాక ఆ బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉంటుంది. మిగతావన్నీ వెనక బీరువాలో తాళం కింద ఉంటాయి. డబ్బాలోంచి గాజు గొట్టంలోకి మందు పోస్తాడు. పిడి ఒకసారి పైకీ కిందికీ ఆడిస్తే గొట్టం అడుగునుంచి కొలిచినంత మందు చిన్న పళ్ళెంలో రాలుతుంది. దాన్ని త్రాసులో పెట్టి ముల్లు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఎక్కువైతే కొలత మర ఒక వెంట్రుకవాసి బిగిస్తాడు, తక్కువైతే వదులు చేస్తాడు. కొలత కుదిరాక, చిల్లులు తీసిన చెక్కలో వరసగా నిలబెట్టిన ఖాళీ తూటాల ఇత్తడి గొట్టాల్లోకి వంచుతాడు. అన్నీ నిండాక టార్చిలైటు తెచ్చి ఒక్కో గొట్టంలోకీ తొంగిచూస్తాడు. ఒకదాంట్లో మందు రెండుసార్లు పడితే రివాల్వర్ చేతిలో చీలిపోతుంది. అసలు పడకపోతే సీసం గుండు తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుంటుంది, అది తెలియక వెనకాలే ఇంకోటి కాల్చినా చీలిపోతుంది.

తూటా మందు కొలతల పుస్తకంలో ప్రతి మందుకీ రెండు గీతలుంటాయి. కింది గీతకి దిగువన గుండు ఇరుక్కునే భయం. పైగీత దాటితే తుపాకీకి భయం. డెస్ కాల్చేది కింది గీత మీద. ఇన్నేళ్ళూ ఆమె కోసం అతను ఆ గీత దాటి పైకి పోలేదు. ఇప్పుడు పుస్తకం తెరిచి, వేలిని కింది గీత మీద పెట్టి, నెమ్మదిగా పైకి జరిపాడు.

ఒక్కో మెట్టుకీ కాసిని తూటాలు చేసి, ఒక్కో గుంపు మీదా తెల్ల టేపు ముక్క అంటించాడు. మట్టికట్ట దగ్గరికెళ్ళి తనే కాల్చి చూశాడు. మొదటిది మోగి నిలబడింది. రెండోది ఊగింది. మూడోది పడింది, కానీ పైన తగిలింది కాబట్టి. అతనికి ప్లేటు సంగతి తెలుస్తోంది గాని చేతి సంగతి తెలియడం లేదు. అతని మణికట్టుకి అన్నీ ఒకేలా ఉన్నాయి. మొద్దుచెయ్యి అని తన చేతినే తిట్టుకున్నాడు.

మంగళవారం డెస్‌ని పిలిచాడు. ఆమె ఏప్రాన్‌తోనే వచ్చి, చెవులకి మఫ్‌లు పెట్టుకుని, అతనిచ్చిన రెండు కాల్చింది. వెర్లిన్ ప్లేటు వైపు చూడలేదు, ఆమె మొహంలోకి చూశాడు. అక్కడేమీ లేదు. ఏళ్ళ తరబడి లైను మీద నిలబడ్డ మొహం అది. సూపర్‌వైజరు వెనకాల నడుస్తున్నప్పుడు నొప్పి కనపడకుండా దాచడం అక్కడ అందరూ కత్తి పట్టడానికి ముందే నేర్చుకుంటారు.

"ఎలా ఉంది?"

"బానే ఉంది."

"బానే అంటే?"

"బానే అంటే బానే. పొయ్యి మీద చిక్కుళ్ళు మాడతాయి, పోనీ."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె మొక్కజొన్న రొట్టెని కత్తితో కోయలేదు, ఎడమచేత్తో తుంచి పెట్టింది. వెర్లిన్ గమనించాడు. గమనించి, రేపు వేరే మందు చూడాలి అనుకున్నాడు.

*

హోయ్ట్ కొట్లో ముందువైపు పశువుల దాణా, వెనకవైపు గాజు తలుపుల బీరువాలో మందు డబ్బాలు. హోయ్ట్‌కి కళ్ళు సరిగా కనపడవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది.

"రావయ్యా, ఐదు ప్లేట్ల మొగుడా," అన్నాడు గల్లాపెట్టె వెనకనుంచి.

"అప్పుడే ఇక్కడిదాకా వచ్చిందా?"

"గేలన్ కోళ్ళ మేతకొచ్చాడు. మేత మోసుకెళ్ళాడు, కబురు వదిలెళ్ళాడు. ఏం కావాలి?"

"కొట్టే మందు కాదు, తోసేది కావాలి. బరువు గుండ్లు కూడా ఇవ్వు. గుండు నెమ్మదిగా వెళ్ళినా ప్లేటుని నెట్టెయ్యాలి. చేతికి చెంపదెబ్బలా తగలకూడదు."

హోయ్ట్ డబ్బా తీశాడు గాని వెంటనే ఇవ్వలేదు. బొటనవేలితో దాని మీది దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు.

"తోసినా కొట్టినా ఆ బరువంతా ముందు ఆమె మణికట్టులోంచేగా పోవాలి, అబ్బాయ్? ప్లేటుకి నచ్చేది చేతికి నచ్చదు. చేతికి నచ్చేది గేలన్‌కి నచ్చదు. ఎవరికి నచ్చాలో తేల్చుకునే వచ్చావా?"

"డబ్బా ఇస్తావా, ఉపన్యాసం కూడా కొనుక్కోవాలా?"

"అది ఉచితం," అని డబ్బా చేతికిచ్చాడు. "డెస్‌ని అడిగానని చెప్పు. ఆమెని అడిగే వాళ్ళు తక్కువైనట్టున్నారు."

దారి పొడుగునా వెర్లిన్ ఆ మాటకి జవాబు చెబుతూనే ఉన్నాడు, ఒకటి తర్వాత ఒకటి, అన్నీ గట్టి జవాబులే. వినడానికి పికప్‌లో ఎవరూ లేరు.

*

గురువారం కొత్త మందుని గాజు గొట్టంలో పోసి పనిలో ఉండగా ఇంట్లో ఫోను మోగింది. డెస్ తోటలో ఉంది. వెర్లిన్ వెళ్ళి ఎత్తాడు.

"శనివారానికి డెస్ పేరు రాయమంటావా?" గేలన్ గొంతు. "నాకో ఆలోచన వచ్చింది. ఆడవాళ్ళకీ ముసలివాళ్ళకీ పక్కన అట్టముక్కల ప్లేట్లు పెట్టిస్తా. గాలికి కూడా పడతాయి. ఏమంటావ్? పాపం, ఆ చేత్తో..."

"పేరు రాయి. ఆ ఇనప ప్లేట్లకే రాయి," అని వెర్లిన్ ఫోను పెట్టేశాడు.

గ్యారేజీకి తిరిగొచ్చి కూర్చున్నాడు. పిడి ఆడించాడు, తూకం వేశాడు, పోశాడు. చేతులు పని చేస్తున్నాయి గాని బుర్రలో అట్టముక్కలు పడుతున్నాయి. బీరువాలోంచి పాత డబ్బా తీశాడు, రెండిటి రంగూ పోల్చి చూద్దామని మూత తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, గొట్టంలో మందు తగ్గితే కాస్త పోశాడు. ఒక వరస తూటాలు బిగించేశాక తల ఎత్తి చూస్తే, బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. రెంటి మూతలూ తీసున్నాయి.

చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

గొట్టంలో బూడిదరంగు పొలుసులు. పాత మందూ బూడిదరంగు పొలుసులే, కొత్తదీ బూడిదరంగు పొలుసులే. ఇందాక పోసింది ఏ డబ్బాలోంచి? కొత్తదే అనిపించింది. ఇంకాసేపు ఆలోచిస్తే పాతదే అనిపించింది. రెండూ కలిసిపోయి ఉంటే ఆ కలిసిన దానికి పుస్తకంలో ఏ గీతా లేదు. ఈ తూటాల్ని తను డెస్ చేతిలో పెట్టేవాడు. ఆమె మొహానికి జానెడు దూరంలో పేలేవి.

తెలియని మందుని ఆ ఊళ్ళో ఎవరూ తిరిగి డబ్బాలో పొయ్యరు. పచ్చిక మీదో పాదుల్లోనో చల్లేస్తారు, మొక్కలకి ఎరువవుతుంది. వెర్లిన్ గొట్టం ఊడదీసి, రెండు చేతుల్తో జాగ్రత్తగా పట్టుకుని, పెరట్లో ఎండిపోయిన టమాటా పాదు దగ్గరికెళ్ళి గుమ్మరించాడు. ఇంకో పక్క గుమ్మడికాయలు కోస్తున్న డెస్ లేచి చూసింది.

"వచ్చే ఏడు టమాటాలు కోసేటప్పుడు చెవులకి మఫ్‌లు పెట్టుకోవాలేమో," అంది నవ్వుతూ. అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైంది?"

"రెండు డబ్బాలు తెరిచా."

"నువ్వా?"

ఎవడో క్లబ్బులో ఈ పని చేశాడని తెలిస్తే వాడి తూటాల్ని ముట్టుకోవద్దని నలుగురికీ చెప్పే మనిషి అతను.

"ఫోన్లో ఎవరు?"

"గేలన్."

"ఊఁ," అంది డెస్. చేతికంటిన మట్టి ఏప్రాన్‌కి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "ఒక్క మాట అడుగుతా. నువ్వు చేసే ఈ తూటాలు నాకా, గేలన్‌కా?"

"నీకే. ఇంకెవరికి?"

"అడిగానంతే."

ఆ రోజు చేసిన తూటాలన్నిటినీ అతను విప్పేశాడు. తూటాని ఒక్కొక్కటే బోలు సుత్తిలో బిగించి, సిమెంటు గచ్చుకేసి కొడితే గుండూ మందూ ఊడి సుత్తి కడుపులో పడతాయి. వంటింట్లోకి ఆ దెబ్బలు ఆగకుండా వినిపించాయి. శుక్రవారం పొద్దున్నే మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి గ్యారేజీ తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు, బల్ల మీద ఒక్కటే డబ్బా.

మధ్యాహ్నానికి తూటా కుదిరింది. బరువు గుండు, కొత్త మందు, కింది గీతకి బాగా పైన, పైగీతకి ఇంకా చోటుండగా. పైన కొట్టినా కింద కొట్టినా అతని మొండి ప్లేటు ప్రతిసారీ వెల్లకిలా పడింది. డెస్‌ని పిలిచాడు. ఆమె ఒకటి కాల్చింది, రెండు కాల్చింది. రెండుసార్లూ ప్లేటు పడింది. మూడోదానికి తుపాకీ ఎత్తి, దించేసింది.

"చాలు. మిగతాది రేపటికి దాచుకుంటా."

"పడింది చూశావా?"

"చూశాను," అంది.

ఆ సాయంత్రం ఆమె పీచ్ పళ్ళు నిలవపెట్టిన సీసా మూత తియ్యబోయి, తియ్యలేక, సీసాని బల్ల మీద అతని ముందుకి జరిపింది. వెర్లిన్ మూత తిప్పి మళ్ళీ ఆమె వైపు జరిపాడు. పడుకునే ముందు అతను రేపటి తూటాల్ని ఎర్రమూత పెట్టెలో పేర్చి, ఆమె కోటు పక్కన పెట్టాడు. పాత మెత్తటివి నీలంమూత పెట్టెలో గూట్లోనే ఉన్నాయి.

*

శనివారం జనం బాగానే వచ్చారు. ఆఖరి పోటీ కదా, లవోన్ ఆపిల్ ముక్కలు కూరి నూనెలో వేయించిన పైలు కూడా పెట్టింది. చలి గట్టిగా ఉంది. గేలన్ ప్లేట్లకి తెల్లరంగు కొత్తగా వేయించాడు. మగవాళ్ళు వరసగా వచ్చి కాల్చారు, ప్లేట్లు దభాలున పడ్డాయి, కొందరు గురి తప్పారు, నవ్వుకున్నారు. డెస్ పేరు పిలిచారు.

ఆమె పొద్దుట్నుంచీ జేబులో వెచ్చబెట్టుకున్న చేతిని బయటికి తీసి, కాల్చే గీత దగ్గరికెళ్ళి, వీపు ఇటు తిప్పి, రివాల్వర్‌లో తూటాలు నింపుకుంది. వెర్లిన్ కంచె పట్టుకున్నాడు. వారమంతా నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి.

"సిద్ధమా?" అన్నాడు గేలన్. గడియారం కూత పెట్టింది.

మొదటి చప్పుడికే వెర్లిన్ కంచె మీదికి వంగాడు. అది తన తూటా చప్పుడు కాదు. చిన్నగా, మెత్తగా వచ్చింది. గుండు గొట్టంలో ఇరుక్కుందా? "ఆపండి!" అని అరవడానికి నోరు తెరిచాడు. ఆలోపే ప్లేటు మోగింది, పడింది. రెండోది మోగింది, పడింది. అప్పుడు చూశాడు అతను: గీత పక్కన బల్ల మీద, ఆమె చేతి దగ్గర తెరిచి ఉన్నది నీలంమూత పెట్టె.

మూడోది మోగి నిలబడింది. నాలుగోది పడింది, ఐదోది పడింది. ఆరోది మోగింది, ఊగింది, తిరిగొచ్చి నిలబడింది.

"నాలుగు," అన్నాడు గేలన్. అతనికి కాస్త నిరుత్సాహంగా ఉన్నట్టుంది. "పోయిన వారం కన్నా తగ్గావే, డెస్. ఆ చెయ్యి ఇంకా తగ్గలేదా? ఎందుకమ్మా నీకీ బాధ? ఇలా కాల్చీ కాల్చీ పాడుచేసుకున్నావని అప్పుడే చెప్పాను."

మఫ్‌లు తీస్తున్న మనుషులు ఒక్కొక్కళ్ళే ఇటు తిరిగారు.

"చెప్పావు. రాసి కూడా ఇచ్చావు," అంది డెస్. గొంతేమీ పెంచలేదు. రివాల్వర్ తెరిచి ఖాళీ చేసింది, కుడిచేత్తోనే. పెట్టెలో పెట్టింది, కుడిచేత్తోనే. చలిలో తెరుచుకునే ఉన్న కోటుని దగ్గరికి లాక్కుని, పైబొత్తాం నుంచి మొదలుపెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ. బొత్తాం కన్నంలోకి దూరింది. రెండోది. తొందరేమీ లేదు ఆమెకి. మూడోది. గేలన్ చూస్తున్నాడు. లవోన్ కలం పైకెత్తి అలాగే చూస్తోంది, ఆమె కూడా అదే లైను మీద నిలబడ్డ మనిషి. కింది బొత్తాం దాకా పెట్టుకుని, డెస్ ఆ చేతిని గేలన్ మొహం ముందుకి చాపి, వేళ్ళు ముడిచి, తెరిచింది.

"ఇప్పుడే ఆరు కాల్చాను. చూడు. పిస్టల్ పాడుచేసిన చెయ్యి ఇలాగే ఉంటుందా, గేలన్? నీ లైను మీద షిఫ్టు దిగి వచ్చినప్పుడు నా కోటు బొత్తాలు ఎవరు పెట్టేవాళ్ళో లవోన్‌ని అడుగు."

"నేనే పెట్టేదాన్ని," అంది లవోన్, ఎవరూ అడక్కుండానే. "నా బొత్తాలు ఇంకొకళ్ళు పెట్టేవాళ్ళు."

గేలన్ గడియారం వైపు చూసుకున్నాడు, అందులో చదవడానికేదో ఉన్నట్టు.

"నాలుగని రాసుకో, లవోన్," అంది డెస్. "ఆ ఆపిల్ పై ఒకటి ఇలా ఇయ్యి."

వెర్లిన్ కంచె వదల్లేదు. ఎర్రమూత పెట్టె సంగతే ఆలోచిస్తున్నాడు. వాటిని కాల్చి ఉంటే ఆరూ పడేవి. ఆ తర్వాత ఆమె అందరి ముందూ రివాల్వర్‌ని ఎడమచేత్తో పెట్టెలో పెట్టేది, కుడిచేతిని జేబులో దాచుకునేది, బొత్తాం పెట్టుకోలేక కోటు తెరుచుకునే నిలబడేది. గేలన్ సంతకం పెట్టిన అబద్ధం ఆ కాసేపట్లో నిజమైపోయేది. వారం రోజులు కూర్చుని, తూకం వేసి వేసి, తను తయారుచేసింది దాన్ని.

*

ఇంటికెళ్ళే దారిలో వెర్లిన్ అడిగాడు, "నిన్ననే చెప్పొచ్చుగా?"

"పోయిన శనివారమే చెప్పాను, ఇదే పికప్‌లో. నువ్వు త్రాసు మాట వింటున్నావు, నా మాట కాదు." డెస్ కాగితంలో చుట్టిన ఆపిల్ పైని తుంచి సగం అతని చేతిలో పెట్టింది. "తిను. వారం నుంచి సరిగ్గా తినలేదు."

ఇంటికెళ్ళాక అతను బట్టలైనా మార్చుకోలేదు. గ్యారేజీ తలుపు బార్లా తెరిచాడు. ఎర్రమూత పెట్టెని బల్ల మీద బోర్లించి, బోలు సుత్తి తీసుకుని గచ్చు మీద కూర్చున్నాడు. మొదటి తూటా బిగించాడు. కొట్టాడు. అప్పుడొచ్చింది డెస్, ఒక ఖాళీ కాఫీ డబ్బా పట్టుకుని, బకెట్టు బోర్లించి ఎదురుగా కూర్చుంది.

అతను కొడుతున్నాడు, ఊడిన మందుని విడిగా ఒక సీసాలో పోస్తున్నాడు, గుండుని ఆమె వైపు దొర్లిస్తున్నాడు. ఆమె దాన్ని కుడిచేతి రెండు వేళ్ళతో ఎత్తి డబ్బాలో వేస్తోంది. తలుపులోంచి ఎండ ఆమె మోకాళ్ళ మీద పడుతోంది. కొంతసేపటికి అతను సుత్తి ఆపి, తల ఎత్తకుండానే అడిగాడు.

"మెత్తటివి కూడా నీ చేతికి ఎక్కువేమో కదా? కింది గీత దిగను గానీ, వేరే మందు, తేలిక గుండు చూడనా? నీకెలా కావాలో చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ మాట అతను అడగడం అదే మొదలు. డెస్ చేతిని ఎండలో పెట్టి ముడిచింది, తెరిచింది, దాన్నే అడుగుతున్నట్టు.

"ఇప్పుడున్నది ఉండనీ," అంది. "చలి ముదిరాక మళ్ళీ అడుగు."

ఆమె వేసిన గుండు డబ్బా అడుగున ఠంగుమంది.

"మోగింది," అన్నాడు వెర్లిన్.

"పడింది కూడా," అంది డెస్. ఇంకోదాని కోసం చెయ్యి చాపింది.